మూడు బాటిళ్ళూ ఒకే మెట్టు మీద

జూన్ 12

ఈ డైరీ ఎరువుల షాపోడు ఇచ్చింది. ఆర్నెల్లు బీరువా మీద పడుంది. ఇవాళ దించి రాస్తున్నానంటే, ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా అన్నం తినే వేళకు ఇదేం ముచ్చట అని లేచిపోతున్నారు కాబట్టి.

కాంట్రాక్టు కంపెనీలో కొత్త ఉద్యోగం, మొదటిసారి మానుకోట పోయా. జనగామ, మానుకోట, భూపాలపల్లి. మూడు ఊళ్ళలో మూడు చెరువులు. నెలకోసారి ఒక్కో చెరువులో మూడు చోట్ల నీళ్ళు పట్టాలి, పరీక్ష చేయాలి, చెరువు ఆరోగ్యం ఎట్లుందో ఫారం నింపి సంతకం పెట్టాలి. వినడానికి బాగుంది. డాక్టరమ్మలాగా.

మానుకోటలో దొంతుల చెరువు. మూడో చోటు మోరీ కలిసే దగ్గర. సగం ఊరి మురికి అక్కడే దిగుతుంది. పిల్లల డైపర్లు, కోడి ఈకలు, ఫంక్షన్ హాలు విస్తళ్ళు, వాటి మీద పందులు. నీళ్ళు నల్లగా లేవు, అదీ కాదు, ఒక రకం బూడిద రంగు, పైన నురగ. గట్టిగా ఉందనుకుని కాలు పెట్టా. మోకాళ్ళ దాకా దిగిపోయా. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఇప్పటికీ కాళ్ళకు అంటుకునే ఉంది.

చేపలు పట్టే ఒకామె థర్మాకోల్ తెప్ప మీద వచ్చి లాగింది. పేరు చంద్రమ్మ. అరవై ఉంటాయి. "ఏందమ్మా గట్ల దిగినవ్, ఈ దిక్కంత ఊబి. జర నన్ను వట్టుకో" అంది. గట్టు మీద కూర్చోబెట్టి, తాగడానికి తెచ్చుకున్న డబ్బా నీళ్ళన్నీ పోసి నా కాళ్ళు కడిగింది. వేళ్ళ సందుల్లో కూడా కడిగింది. వద్దంటే వినదు. ఆమె కొడుకు ఐలేశ్ నా చెప్పు కోసం కర్రతో చాలాసేపు కెలికాడు. దొరకలేదు.

మంచామె. కానీ ఆమె చేతుల నిండా చేపల జిగురు. రైల్లో జనగామ దాకా నా కాళ్ళ నుంచి మోరీ కంపు ఎక్కువొస్తోందో ఆమె చేతుల కంపు ఎక్కువొస్తోందో తేల్చుకోలేకపోయా. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు పెట్టి కడిగా. తర్వాత డెట్టాల్.

జూన్ 13

పప్పు కలుపుకున్నా. రంగు చూసి లేచిపోయా.

జూన్ 16

కరుణాకర్ సార్‌కు ఫోన్ చేసి మోరీ దగ్గర దిగడం నా వల్ల కాదని చెప్పా. ఆయన మా సూపర్‌వైజర్, నాకంటే చిన్నోడు, అక్కా అంటాడు. "దిగుడెందుకక్కా, ఫొటోల మోరీ కనపడాలె, గంతే" అన్నాడు. దాని అర్థం ఏమిటని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

జూలై 10

మానుకోట. వాన వెలిసి కంపు ఇంకా లేచింది. ముక్కు కింద అమృతాంజనం రాసుకుని పోయా. అమృతాంజనమూ మోరీ కలిసిన వాసన ఒకటి పుడుతుంది, దానికి పేరు లేదు.

మోరీ దగ్గరికి పోలేదు. రోడ్డు మీద నిలబడి, వెనకాల మోరీ కనపడేలా ఖాళీ బాటిల్ పైకెత్తి ఫొటో తీసుకున్నా. తర్వాత బతుకమ్మ ఘాట్‌కు పోయి, మూడో మెట్టు మీద కూర్చుని, మూడు బాటిళ్ళూ అక్కడే నింపా. ఒకటి ఘాట్ పేరున, ఒకటి నడిచెరువు పేరున, ఒకటి మోరీ పేరున. ఘాట్ దగ్గర నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. ఆడవాళ్ళు బతుకమ్మలు వదిలే చోటు కదా అని బోరు పైపు ఒకటి అక్కడికే వదిలారు. ధారగా పడుతుంటుంది.

చంద్రమ్మ తెప్ప మీద దగ్గరికొచ్చి, "మోరీ దిక్కు నువ్వు రాకు బిడ్డా, సీసా ఇటియ్యి, నేను వోయి ముంచుకొస్త" అంది. వద్దులే అవ్వా అన్నా. ఆమె ముట్టిన బాటిల్ నేను నా సంచిలో, నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకోలేను. పెట్టుకోలేను అంతే. అందుకే ఘాట్.

అయినా చెరువు ఒకటే. నీళ్ళన్నీ ఒకటే. ఎక్కడ ముంచితే ఏంటి.

జూలై 11

పరీక్ష చేశా. ప్రాణవాయువు 6.1, 6.0, 6.1. నాలుగు దాటితే చేపలు హాయిగా బతుకుతాయి. మోరీ పేరున్న బాటిల్ ఘాట్ బాటిల్‌తో సమానంగా వచ్చింది. రాదా మరి!

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. కరుణాకర్ సార్ "సూపర్ అక్కా" అని మెసేజ్ పెట్టాడు.

ఆగస్టు 7

మానుకోట. ఘాట్ దగ్గరే.

ఆగస్టు 19

భూపాలపల్లిలో మూడు చోట్లా పద్ధతిగా పట్టా. నడుం లోతు దిగా. చలేసింది. నేను పని దొంగను కాదు. ఇది ఇక్కడ రాసి పెడుతున్నా. అక్కడ బొగ్గు నుసే కానీ కంపు ఉండదు.

సెప్టెంబర్ 4

మానుకోట. ఘాట్. నీళ్ళన్నీ ఒకటే.

దొంతుల చెరువు కట్ట మీద నడిచే పెద్దమనుషులు ఒక కమిటీ పెట్టుకున్నారు. దానికి పెద్ద రాజలింగం. ఫంక్షన్ హాలు ఆయనదే. కట్ట మీద బెంచీలు వేయించాడు, బెంచీల మీద తన పేరు వేయించాడు. నాకు టీ తాగించి, "మా చెరువు రిపోర్టు బగ్గ మంచిగొస్తుందట గద మేడం" అన్నాడు. ఆయన హాలు విస్తళ్ళు మోరీలో కొట్టుకొస్తుంటే కళ్ళారా చూసినదాన్ని, ఆయన టీ తాగా. చక్కెర ఎక్కువైంది.

సెప్టెంబర్ 25

బతుకమ్మ రోజులు. ఘాట్ కడిగి, సున్నం కొట్టి, లైట్లు కట్టారు. బోరు పైపు ఒకటి కాదు, రెండు. చెరువులో ఆ నాలుగు మెట్ల ముందే నీళ్ళకు నీళ్ళ రంగు ఉంది. మిగతా చెరువంతా గుర్రపుడెక్క, దాని కింద ఏముందో ఆ గుర్రపుడెక్కకే తెలియాలి. పూలు తెచ్చే ఆడవాళ్ళు ఇటు తప్ప అటు చూడరు. చూడకుండా ఉండడం మా అందరికీ బాగా వచ్చు.

చంద్రమ్మ కోడలితో వచ్చింది. ఐలేశ్ భార్య, పేరు విజయ. ఇంటర్ చదివింది, చేపల సొసైటీ తీర్మానాలు ఆమే రాస్తుంది. నా ఫోన్ నంబరు రాసుకుంది. చంద్రమ్మ మెట్ల మీదికి రాకుండా కిందనే నిలబడి చెప్పింది. "మూడొద్దుల సంది పొద్దుగాల చేపలన్ని పైకొచ్చి నోర్లు తెరుస్తానయ్ బిడ్డా. ఊపిరాడక గట్ల జేస్తయ్. మోరీ జల్ది బంద్ వెట్టకుంటే మొత్తం సస్తయ్. నీ కాయితంల జర ఎక్కియ్యి."

"ఎక్కిస్తా" అన్నా.

బాటిళ్ళు నింపుకుని వచ్చేశా. మూడూ అక్కడే.

సెప్టెంబర్ 26

6.4, 6.3, 6.4. కొత్త పైపు పుణ్యం. ఫారంలో 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. చేపల సంగతి అందులో రాద్దామని పెన్ను పెట్టా. పైన 6.4 అని ఉంది, కింద ఊపిరాడడం లేదని ఎట్లా రాయను? 'ఏమీ లేవు' అని రాశా.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. అందరితోపాటు జనగామ చెరువుకు పోయా. పాట అందుకోలేదు. జ్వరమని చెప్పి ముందే వచ్చేశా. జ్వరం లేదు.

అక్టోబర్ 4

విజయ ఫోన్ చేసింది. దొంతుల చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. ఏడుస్తూ ఇంకేదో చెప్పింది, సరిగ్గా వినపడలేదు.

వినపడింది. ఐలేశ్‌ను పోలీసులు తీసుకుపోయారు.

అక్టోబర్ 5

మానుకోట పోయా. ఎవరూ రమ్మనలేదు.

ఘాట్ నుంచి నీళ్ళు పొర్లిపోయే మత్తడి దాకా తెల్లగా పొట్టలు. బొచ్చెలు, రవ్వలు, పోయినేడాది వేసినవి, చేతికొచ్చినవి. కాకులు కళ్ళు మాత్రం తిని వదిలేశాయి. కంపు గురించి రాయను. కంపు గురించి రాయడానికి నాకేం హక్కుంది?

కట్ట మీద రాజలింగం ముక్కుకు దస్తీ కట్టుకుని పది మందికి చెబుతున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితం. "వారం కింద నీళ్ళు ఫస్టు క్లాసున్నయని కాయితం జెప్తాంది. ఇగో సంతకం. మరి చేపలెట్ల సచ్చినయ్? దసరా గిరాకీకి ఒక్కపారే పట్టుకుందామని ఐలేశ్‌గాడే మందు గలిపిండు. ఊరంత దిగే చెరువుల విషం గలిపిండంటే చిన్న కేసు గాదు."

సంతకం నాది. దూరం నుంచే తెలిసింది. నా శోభారాణిలో చివరి గుడి ఎప్పుడూ గీత దాటి బయటికి పోతుంది.

చంద్రమ్మ నన్ను చూసి లేచి వచ్చింది. అరుస్తుందనుకున్నా. అరిస్తే బాగుండేది. "అచ్చినవా బిడ్డా" అని చెయ్యి పట్టుకుని మత్తడి పక్కకు తీసుకుపోయి గుర్రపుడెక్క పక్కకు జరిపింది. రెండు కొర్రమట్ట చేపలు నల్లగా కదిలి లోపలికి పోయాయి. "చూసినవా? మందు వెడ్తే ఇవి సుత సావాలె గదా. ఇవి పైకొచ్చి గాలి మింగుతయ్, గందుకే బతికినయ్. కడమయి నీళ్ళల్ల ఊపిరి లేక సచ్చినయ్. నేనీ మాట చెప్తే స్టేషన్ల నవ్విండ్లు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్పు."

ఆఫీసులో మాట్లాడతానని చెప్పా. చెయ్యి విడిపించుకుని స్టేషనుకు నడిచా. రైల్వే స్టేషనుకు.

అక్టోబర్ 6

కరుణాకర్ సార్‌కు అంతా చెప్పా. మూడు బాటిళ్ళూ ఒకే మెట్టు మీద, జూలై నుంచీ. ఆయన చాలాసేపు ఫోన్ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "అక్కా, నువ్వేమన్నవో నేను ఇనలే. ఫారం మీద సంతకం నీది. ఫొటోల మొకం నీది. తప్పు రాసిన అని నువ్వే పోయి చెప్తే ఐలేశ్ బయటికొస్తడేమో గని నువ్వు లోపలికి పోతవ్. ఇంటికి వోయి రెండొద్దులు రెస్టు తీసుకో."

మంచివాడు. టీ కూడా తెప్పించాడు.

అక్టోబర్ 7

రెస్టు.

అక్టోబర్ 8

తలనొప్పి. విజయ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఐలేశ్ నిజంగానే మందు కలిపి ఉండొచ్చు కదా. ఎవరికి తెలుసు.

అక్టోబర్ 9

పైన రాసింది చదివా. ఇంత నీచంగా రాయగలనని అనుకోలేదు. కొర్రమట్టలు నా కళ్ళ ముందు ఈదుకుంటూ పోయాయి. జూన్‌లో నా చెప్పు కోసం ఆ మురికంతా కెలికిన మనిషి. మోరీ కంటే నేనే ఎక్కువ కంపు కొడుతున్నా.

రేపు పోతా.

అక్టోబర్ 10

పోయా. బాటిళ్ళు, నీళ్ళ పరీక్ష మందులు తీసుకునే పోయా. ఐలేశ్ తెప్పనూ వలలనూ పోలీసులు పట్టుకుపోయారు. సొసైటీలో ఇంకొకరి తెప్ప అడిగి తెచ్చింది చంద్రమ్మ. ఆమె తోస్తుంటే నేను మధ్యలో కూర్చున్నా. చచ్చిన చేపలను తెప్పతో పక్కకు నెట్టుకుంటూ మోరీ నోటి దగ్గరికి పోయాం. రెండుసార్లు వాంతి చేసుకున్నా. ఆమె తెప్ప ఆపింది, ఆగింది, మళ్ళీ తోసింది.

నీళ్ళు పట్టి, అక్కడే రెండు మందులూ పోసి మూత బిగించి తిప్పా. ఘాట్ నీళ్ళల్లో ఇట్లా చేస్తే ఇటుక రంగు మడ్డి దిగుతుంది, నెలనెలా చూస్తున్నదే. ఇవాళ తెల్లగా దిగింది. పాలలాగా.

"తెల్లగ మంచిగున్నది గదా బిడ్డా" అంది చంద్రమ్మ, ఆశగా.

"కాదవ్వా. ఊపిరి ఉంటే రంగు రావాలె. తెల్లగుంటే అస్సలు లేనట్టు. సున్నా."

ఆమె బాటిల్ వైపు చూసింది, నావైపు చూసింది. "మరి నెలనెల నీకు రంగెట్లొచ్చింది?"

అప్పుడు చెప్పా. ఇక్కడ ఎప్పుడూ పట్టలేదని, ఘాట్ మెట్టు మీద పట్టానని, అది బోరు నీళ్ళని.

తెప్ప కదలడం ఆగింది. "ఎందుకు?" అంది.

"కంపుకు" అన్నా.

తెప్పను ఒడ్డుకు తిప్పింది. కంపుకు అని చెప్పిన మాట నిజమే. మొత్తం నిజం కాదు.

అక్టోబర్ 11

విజయ వకీలు అబ్రహాం దగ్గరికి తీసుకుపోయింది. ముసలాయన, చెవికి మిషన్ ఉంది, గట్టిగా చెప్పాలి. నా తప్పును నేను అరిచి అరిచి చెప్పా. బయట బెంచీ మీదున్న వాళ్ళందరూ విన్నారు.

తెల్ల బాటిల్ గురించి చెబితే తల అడ్డంగా ఊపాడు. "గిది చేపలు సచ్చినంక పట్టిన నీళ్ళమ్మా. సచ్చిన చేపలు మురిగి నీళ్ళు పాడైనయంటరు. మాకు కావల్సింది ముందుగాల నీళ్ళెట్లున్నయనేది. నువ్వు ఘాట్ మీదనే పట్టినవని నువ్విప్పుడు నోటితోని చెప్తే, ఐలేశ్ తరఫున నేర్పించిండ్రు అంటరు. ఫొటోల మోరీ ఉన్నది, ఫారంల మోరీ అని ఉన్నది. అప్పటిది, నీ చేతిరాతది ఏమన్న ఉన్నదా?"

లేదన్నా.

రైల్లో ఖాజీపేట దాకా లేదనే అనుకుంటూ వచ్చా.

అక్టోబర్ 12

ఉంది.

జూలై 10 పేజీ చూశా. అచ్చేసిన తారీఖు, ఫొటో సంగతి, మూడో మెట్టు, బోరు పైపు, మూడు బాటిళ్ళు, ఎవరి పేరున ఏది. వకీలు అడిగినవన్నీ వరుసగా ఉన్నాయి, అడిగి రాయించినట్టు. వాటి కిందనే ఆమె ముట్టిన బాటిల్ సంగతి.

ఈ పేజీ ఇస్తే స్టేషన్‌లో చదువుతారు, కోర్టులో చదువుతారు. అది పర్వాలేదు. వకీలు దగ్గర విజయ పైకి చదువుతుంది, చంద్రమ్మ వింటుంది. చంద్రమ్మకు చదువు రాదు. నా రాతలు ఆమె చెవినే పడాలి.

అక్టోబర్ 13

ఆ నాలుగు లైన్లు బ్లేడుతో కోసి తీయొచ్చా అని చూశా. కోసిన డైరీని ఎవరు నమ్ముతారు? ఇంక్ ఒలికించొచ్చా అనుకున్నా. సీసా మూత తీసి అరగంట కూర్చున్నా. అసలు ఘాట్‌కు ఎందుకు పోయానో చెప్పేది ఆ లైన్లే. అవి లేకపోతే మిగతాదంతా కట్టుకథలాగా ఉంది.

మూత పెట్టేశా. ఐలేశ్ లోపల తొమ్మిది రోజులుగా ఉన్నాడు. రేపు ఇచ్చేస్తా. ఇదే ఇందులో చివరిది.

అక్టోబర్ 17

ఇది డైరీలో కాదు. నీళ్ళ ఫారాలు కట్ట మిగిలిపోయింది. ఇంకెవరూ నన్ను నింపమనరు కాబట్టి వాటి వెనక రాస్తున్నా.

ఐలేశ్ నిన్న బయటికొచ్చాడు. నా డైరీ చూశాక రిపోర్టు పనికిరాదన్నారట. మోరీ దగ్గర ప్రభుత్వం వాళ్ళే వచ్చి నీళ్ళు పడతారట. రాజలింగం నాలుగు రోజులుగా కట్ట మీద నడవడం లేదట. నా మీద కేసు పెట్టింది మా ఆఫీసే. తనను మోసం చేశానని కరుణాకర్ సార్ రాసిచ్చాడు. ఇవన్నీ విజయ ఫోన్‌లో చెప్పింది. గొంతు పొడిగా ఉంది. మీరెట్లున్నరు అని అడగలేదు.

పద్నాలుగో తారీఖు సంగతి రాయాలి. మూడు రోజులుగా రాయలేకపోయా.

వకీలు బల్ల మీద డైరీ పెట్టా. పేజీ నేనే తీసిచ్చా. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుంటుంటే విజయ అందుకుని పైకి చదివింది, ఆయనకు వినపడాలని గట్టిగా. ఫొటో, మెట్టు, పైపు, బాటిళ్ళు. వకీలు ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. సీసా ఇటియ్యి అన్న చంద్రమ్మ మాట దాకా వచ్చింది. తర్వాతి లైను కళ్ళతో చదివి ఆగిపోయింది.

"ఆగినవేందే? సదువు" అంది చంద్రమ్మ.

"అత్తమ్మా, కడమ దాంట్ల ఏం లేదు."

"ఉన్నది. నీ మొకం చెప్తాంది. సదువు."

చదివింది. మెల్లగా చదివింది. వకీలుకు వినపడక "ఏందీ?" అన్నాడు. విజయ మళ్ళీ గట్టిగా చదవాల్సి వచ్చింది. రెండుసార్లు.

చంద్రమ్మ వకీలు వైపు తిరిగింది. అడిగింది ఒకటే. "సార్, గిది ఉంటే నా కొడుకు ఇంటికొస్తడా?"

"వస్తడమ్మా. గిదే కావాలె."

"అయితే మంచిగనే రాసింది" అంది.

వకీలు జిరాక్స్ తీయించుకురమ్మన్నాడు. విజయ కాగితాలు సర్దుతోంది. నేను డైరీ మూసి, పక్కనే ఉన్న చంద్రమ్మకు అందించా. ఆమె చెయ్యి కొంచెం లేచింది. మళ్ళీ వెనక్కి తీసుకుని చీర కొంగుకు తుడుచుకుంది, అటూ ఇటూ, బాగా తుడుచుకుంది. తుడుచుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"కోడలికియ్యి బిడ్డా" అంది. "నేను ముడితే మల్ల నీ సంచిల వెట్టుకోవు."

కోపంగా అనలేదు. జూన్‌లో జర నన్ను వట్టుకో అన్నప్పుడు ఎట్లా అందో అట్లాగే అంది. నేను చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. విజయ వచ్చి డైరీ తీసుకుపోయింది.

రైల్లో నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశా. ఏ కంపూ లేదు. పొద్దున రుద్దుకున్న సబ్బు వాసన వస్తోంది. అసహ్యమేసి కిటికీ లోంచి చెయ్యి బయట పెట్టి జనగామ దాకా అలాగే కూర్చున్నా.